కాపురం కన్న జైలే నయమనుకున్న డాక్టరమ్మ రుక్మాబాయి

పోయిన ఎండకాలం ఒక చెల్లెను ఎంటబెట్టుకొని దవాఖానకు పోయిన. బీడీలు చేసే పిల్ల. మొగడు దుబాయిల ఉంటడు. రెండో కాన్పు అయ్యి మూడు నెలలు. ఇగ పిల్లలు వద్దు, తల్లిగారింట్ల ఉన్నప్పుడే ఆపరేషన్ చేపిచ్చుకుంటె అమ్మ పిల్లల్ని చూస్కుంటది అనేది ఆమె లెక్క. కౌంటర్ కాడ ఉన్నాయన కాయితాలు తిరగేసి, మీ ఆయన సంతకం ఏదమ్మా అని అడిగిండు. దుబాయిల ఉన్నడని చెప్పినం. అయితె ఆయన వచ్చినంక రాండ్రి అన్నడు.

నిజానికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు మొగని సంతకం అక్కర లేదు. మొగోళ్లు చేపిచ్చుకుంటె పెండ్లాం సంతకం గూడ అక్కర లేదు. కేంద్ర ఆరోగ్య శాఖ నిబంధనల్లనే ఆ మాట ఉన్నది. నేను గదే చెప్పిన. ఇక్కడ గిట్లనే నడుస్తది అన్నడు. మూడుసార్లు తిరిగినంక పని అయ్యింది. గని వాపసు వచ్చేటప్పుడు బస్సుల ఆ చెల్లె అడిగింది ఇప్పటికీ నా చెవుల్ల తిరుగుతున్నది. కోసేది నా కడుపు, నొప్పి నాది, మరి నా సంతకం ఎందుకు చెల్లదక్కా అని అడిగింది.

ఆ ప్రశ్నకు నేను బస్సుల జవాబు చెప్పలేకపోయిన. ఇంటికొచ్చినంక రుక్మాబాయి యాదికొచ్చింది. అదే ప్రశ్నను 140 ఏండ్ల కింద బొంబాయి హైకోర్టు ముందట పెట్టిన మనిషి ఆమె. మన దిక్కు ఆమె పేరు తెల్సినోళ్లు తక్కువ. తెల్సినోళ్లకు గూడ తొలితరం ఆడ డాక్టర్లల్ల ఒకామె అనే వరకే తెలుసు. డాక్టర్ కాకముందు ఆమె ఏం కొట్లాడిందో తెలిస్తెనే ఆ డాక్టర్ చదువు విలువ తెలుస్తది.

మారుమనువు ఇంట్ల పెరిగిన పిల్ల

రుక్మాబాయి 1864 నవంబర్ 22న బొంబాయిల పుట్టింది. తండ్రి జనార్దన్ పాండురంగ్, తల్లి జయంతిబాయి. కులం సుతార్, అంటె వడ్లపని చేసే కులం. జయంతిబాయికి 14 ఏండ్లకు పెండ్లయ్యింది, 15 ఏండ్లకు బిడ్డ పుట్టింది, 17 ఏండ్లకు మొగడు సచ్చిపోయిండు. అప్పటికి రుక్మాబాయికి రెండేండ్లు.

కొన్నేండ్లకు జయంతిబాయి డాక్టర్ సఖారాం అర్జున్‌ను మారుమనువు చేసుకున్నది. ఆయనకు గూడ మొదటి భార్య పోయింది. మొదటి మొగని ఆస్తిని ఆమె బిడ్డ పేరు మీద పెట్టింది. ఈ ఆస్తి ముచ్చట యాదిలో పెట్టుకోండ్రి, ముందుకు పనికొస్తది.

జర ఇక్కడ ఆగాలె. ఆంధ్ర దిక్కు రాజమండ్రిల కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు పెండ్లి చేపిచ్చింది 1881 డిసెంబర్ 11న. దానికి ఎంత లొల్లి అయ్యిందో బడి పుస్తకాలల్ల చదువుకున్నం. పెద్ద కులాలల్ల యుద్ధం చేసి తెచ్చుకోవాల్సి వచ్చినదాన్ని బొంబాయి సుతార్లు ఏ లొల్లీ లేకుంట నడుపుకున్నరు. మన దిక్కు గూడ ఎన్నో పనిపాటల కులాలల్ల మారుమనువు ఉన్నది. పొసగకపోతె కుల పంచాయతి పెట్టి ఇడుపు కాయితం రాసుకునుడు ఉన్నది. ఆ పంచాయతులల్ల ఆడదానికి అన్యాయం జరగలేదని నేను అనను. గని పొసగని కాపురంల కెళ్లి బయటికి వచ్చే తొవ్వ ఒకటి ఉండె. ఇంగ్లీషోళ్ల కోర్టులు వచ్చినంక ఆ తొవ్వకు అడ్డం ఒక గోడ లేసింది. రుక్మాబాయి తలిగింది ఆ గోడకే.

ఇల్లరికం ఒప్పందం

సఖారాం అర్జున్ బొంబాయిల పేరున్న డాక్టర్. 1883ల బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పెట్టినోళ్లల్ల ఒకడు. అంత చదువుకున్న ఇంట్ల గూడ ఆడపిల్ల పెండ్లి కాడికొచ్చేసరికి లోకం తీరే నడిచింది. రుక్మాబాయికి 11 ఏండ్లకు పెండ్లి చేసిన్రు. పిలగాడు దాదాజీ భికాజీ, 19 ఏండ్లోడు, డాక్టర్ సాబ్‌కు దూరపు చుట్టం. ఇల్లు గడవని కుటుంబం. ఒప్పందం ఏందంటె, దాదాజీ ఇల్లరికం ఉండాలె, తిండికి చదువుకు అయ్యే ఖర్చు అత్తగారోళ్లు పెట్టుకుంటరు, ఆయన మంచిగ చదువుకొని మనిషి కావాలె.

దాదాజీకి చదువు ఎక్కలే. ఆ ఇంట్ల కట్టుబాట్లు పడలే. మేనమామ నారాయణ్ ధుర్మాజీ ఇంటికి పోయి అక్కడనే ఉన్నడు. ఆ ఇంటి తీరు మంచిది కాదు. దాదాజీకి పానం గూడ సక్కగ ఉండకపోయేది. సంపాదన లేదు.

ఇటు రుక్మాబాయి పెద్దమనిషి అయ్యింది. ఆ కాలం రివాజు ప్రకారం ఎంటనే కార్యం చేసి మొగని కాడికి తోలాలె. సఖారాం అర్జున్ ఒప్పుకోలే. ఆయన డాక్టర్, పసి ఒంటి మీద కాన్పు పడితె ఏమైతదో తెల్సినోడు. 15 ఏండ్లకే తల్లి అయిన జయంతిబాయి ఇంట్లనే కండ్ల ముందట ఉన్నది.

పెండ్లి అయ్యిందంటె బడి బందు. రుక్మాబాయికి గూడ అంతే. గని పుస్తకం బందు పెట్టలే. ఫ్రీ చర్చి మిషన్ లైబ్రరీల కెళ్లి పుస్తకాలు తెచ్చుకొని ఇంట్లనే కూసోని చదివింది. ఇంగ్లీషు సక్కగ నేర్చుకున్నది. మారుటి తండ్రి కాడికి వచ్చిపోయే సంస్కర్తల ముచ్చట్లు విన్నది. పదో తరగతి కాడనే ఆగిపోయి, అడుక్కొచ్చుకున్న పుస్తకాల తోటి చదువు నేర్చిన నాకు ఈ భాగం చదివినప్పుడల్ల గుండె నిండుతది. బడి గుంజుకున్నోళ్లు లైబ్రరీని గుంజుకోలేకపోయిన్రు. ఆ పుస్తకాలు చదివే పిల్లకే ఏడెనిమిదేండ్లకు కోర్టు నోటీసు వచ్చింది.

ఏ నేరం చెయ్యని ముద్దాయి

1884 మార్చిల దాదాజీ వకీలు తోటి నోటీసు పంపిచ్చిండు. నా భార్యను నా ఇంటికి పంపియ్యాలె అనేది దాని సారాంశం. పంపలేదు. దావా పడ్డది. కోర్టు భాషల దీని పేరు దాంపత్య హక్కుల పునరుద్ధరణ. మన భాషల చెప్పాల్నంటె కాపురానికి తోలిచ్చే కేసు.

అప్పటికి రుక్మాబాయికి 19 ఏండ్లు. పెండ్లి అయ్యి ఎనిమిదేండ్లు. ఒక్క దినం గూడ ఆయన తోటి కాపురం చెయ్యలే. దాదాజీకి పెండ్లాం కావాల్నా, పెండ్లాం పేరు మీదున్న ఆస్తి కావాల్నా అని అడిగినోళ్లు అప్పుడే ఉన్నరు.

రుక్మాబాయి చెప్పిన కారణాలు సాదాసీదగ ఉన్నయి. ఆయనకు నన్ను సాకే శక్తి లేదు. ఆయన ఆరోగ్యం బాగలేదు. ఆయన ఉంటున్న ఇంటి పెద్ద తీరు మంచిది కాదు. వీటన్నిటి కింద అసలు కారణం ఒకటున్నది. నాకు తెలివి రాకముందు, నన్ను అడగకుంట చేసిన పెండ్లికి నేనెందుకు కట్టుబడాలె అనేది. ఆ మొదటి మూడు కారణాలు కోర్టులకు అలవాటైనవే. నాలుగోది మాత్రం అంతకు ముందు ఈ దేశంల ఏ ఆడది గూడ కోర్టుల గింత సూటిగ పెట్టలేదు. పెట్టినదానికి జవాబు చెప్పే చట్టం గూడ లేకుండె.

ఈ కేసు నడుస్తున్నప్పుడే, 1885 ఏప్రిల్‌ల, సఖారాం అర్జున్ సచ్చిపోయిండు. అండగ ఉన్న ఒక్క మొగ మనిషి పోయిండు. కొద్ది నెలలకే టైమ్స్ ఆఫ్ ఇండియాల ఒక ఉత్తరం అచ్చయ్యింది. రాసినామె పేరు లేదు, ఒక హిందూ స్త్రీ అని మాత్రం ఉన్నది. పసితనం పెండ్లిల్లు ఆడపిల్ల చదువును, ఒంటిని, మనసును ఎట్ల తినేస్తయో అందుల రాసింది. తర్వాత వితంతువుల బతుకు మీద ఇంకో ఉత్తరం వచ్చింది. ఆ రాసింది రుక్మాబాయే. పగలు కోర్టుల ఆమె ముద్దాయి, పత్రికల మాత్రం ఫిర్యాది.

రెండు తీర్పులు

మొదటి తీర్పు 1885 సెప్టెంబర్ 21న వచ్చింది. జడ్జి రాబర్ట్ హిల్ పిన్హే. దాదాజీ దావాను కొట్టేసిండు. ఆయన తర్కం సులువైనది. పునరుద్ధరణ అంటె ఆగిపోయినదాన్ని మల్ల మొదలువెట్టుడు. ఇక్కడ కాపురం మొదలే కాలేదు. ఇంక మల్ల మొదలువెట్టుడేంది? ఇంగ్లండ్ చట్టం తెలివొచ్చి ఇష్టపడి పెండ్లి చేసుకున్నోళ్లకు పెట్టింది. అడగకుంట పెండ్లి చేసిన పసిపిల్లకు దాన్ని ఎట్ల అంటగడుతరు? హిందూ ధర్మశాస్త్రాలల్ల గూడ పెండ్లాన్ని కోర్టు పట్టుకొచ్చి మొగనికి అప్పజెప్పాల్నని లేదు. ఇష్టం లేని ఆడదాన్ని బలవంతంగ తోలుడు మనిషి చేసే పని కాదన్నట్టు తీర్పిచ్చిండు.

దాని మీద దేశమంత లేసింది. హిందూ మతం మంట్ల కలిసిందని, తెల్లోడు మన ఇండ్లల్లకు జొరవడ్డడని పత్రికలు రాసినయి. బాలగంగాధర తిలక్ కేసరి పత్రికల తీర్పును గట్టిగ వ్యతిరేకించిండు. అటు దిక్కు బెహ్రాంజీ మలబారీ, పండిత రమాబాయి రుక్మాబాయి పక్కన నిలవడ్డరు. ఆమెకు అండగ ఒక కమిటీ పెట్టిన్రు. వందల కాయితాల చర్చ నడిచింది. చదివిన కొద్ది నాకు ఒకటే కనవడ్డది. ఆ చర్చల మతం ఉన్నది, దేశం ఉన్నది, తెల్లోడు ఉన్నడు. ఆ పిల్ల ఏమంటున్నది అనేది మాత్రం చివర్ల ఎక్కడనో ఉన్నది.

ఇంకో వింత చూడుండ్రి. హిందూ ధర్మాన్ని కాపాడాల్నని లొల్లి చేసినోళ్లు పట్టుకున్న ఆ చట్టం హిందువులది కానే కాదు. అది ఇంగ్లండ్‌ల చర్చి కోర్టులల్ల పుట్టింది. భార్యాభర్తలు ఒక్క ఇంట్ల ఉండకపోతె పాపమని చర్చి పెట్టిన పద్ధతి అది. ఓడలెక్కి మన హైకోర్టులల్లకు వచ్చింది. అది పుట్టిన ఇంగ్లండ్‌ల గూడ 1884లనే ఈ కేసులల్ల జైలు శిక్ష తీసేసిన్రు. ఇక్కడ మాత్రం జైలు అట్లనే ఉన్నది. వాళ్లు తీసేసినదాన్ని మనోళ్లు మన సంస్కృతి అని నెత్తిన పెట్టుకున్నరు.

దాదాజీ అప్పీలు చేసిండు. 1886ల చీఫ్ జస్టిస్ చార్లెస్ సార్జెంట్, జస్టిస్ బేలీ పిన్హే తీర్పును తిప్పికొట్టి కేసును మల్ల విచారణకు పంపిచ్చిన్రు. 1887 మార్చి 4న జస్టిస్ ఫారన్ రెండో తీర్పు చెప్పిండు. రుక్మాబాయి మొగని ఇంటికి పోవాలె, లేకపోతె ఆరు నెలలు జైలుకు పోవాలె.

అప్పుడు రుక్మాబాయికి 22 ఏండ్లు. జైలుకే పోతనని కోర్టుకు చెప్పింది.

ఈ మాట అనుడు ఇప్పుడు సులువుగ కనవడుతది. ఆ కాలంల పరువున్న ఇంటి ఆడది కోర్టు మెట్లెక్కుడే తలవంపులు. జైలుకు పోతె కులంల ముఖం చూపెట్టేది ఉండదు. తల్లి ఉన్నది, తోడవుట్టినోళ్లు ఉన్నరు. అవన్ని తెలిసే ఆ మాట అన్నది. దొంగతనం చెయ్యలే, మనిషిని చంపలే. నా ఒంటి మీద నిర్ణయం నాది అన్నందుకు ఆరు నెలలు.

రెండు వేల రూపాయలు

ఇప్పుడు మనం సినిమాలల్ల చూసినట్టు పెద్ద కోర్టుల గెలిచిందని రాస్తె మంచిగుంటది. గని అట్ల జరగలే. రుక్మాబాయి కేసు గెలవలే. 1888 జూలైల రాజీ అయ్యింది. దాదాజీ 2000 రూపాయలు తీసుకొని ఆమె మీద ఉన్న హక్కును ఇడిసిపెట్టిండు. ఆమె జైలుకు పోలే, కాపురానికి పోలే.

అంటె తన ఒంటిని తాను కొనుక్కున్నది. చట్టం ఇయ్యని స్వేచ్ఛకు 2000 రూపాయల ధర కట్టినట్టయ్యింది. ఆమెకు తల్లి ఇచ్చిన ఆస్తి ఉన్నది, ఇంగ్లీషు వచ్చు, పత్రికల రాసే చెయ్యి ఉన్నది, కమిటీ పెట్టే పెద్దమనుషులు ఉన్నరు. ఇవేవి లేని ఆడోళ్లు అదే యేడు అదే బొంబాయిల ఎంతమంది కండ్లు మూసుకొని కాపురానికి పోయిన్రో ఎవ్వలు లెక్కవెట్టలే.

లెక్కకొచ్చిన ఒక పిల్ల కలకత్తాల ఉన్నది. పేరు ఫూల్‌మోని దాసి. పదకొండేండ్లు నిండినయో లేదో, మొగడు చేసిన పనికి సచ్చిపోయింది. అప్పుడు చట్టంల సమ్మతి వయసు పదేండ్లు. ఆ పిల్ల పదేండ్లు దాటింది గనుక చట్టం కండ్లల్ల అది బలాత్కారం కాదు. చిన్న నేరం కింద మొగనికి ఏడాది శిక్ష పడ్డది. ఈ సావు, అంతకుముందు రుక్మాబాయి కేసు రేపిన చర్చ, రెండు కలిసి 1891 చట్టాన్ని తెచ్చినయి. సమ్మతి వయసు పదేండ్లకెళ్లి పన్నెండేండ్లకు పెరిగింది. రెండేండ్లు పెంచుడానికి గూడ దేశమంత సభలు పెట్టి అడ్డం తిరిగిన్రు.

సూరత్ దవాఖాన

కేసు నడిచినప్పుడు రుక్మాబాయికి దొరికిన దోస్తులల్ల డాక్టర్ ఎడిత్ పీచీ ఒకామె. ఇంగ్లండ్‌ల ఆడోళ్లకు డాక్టర్ చదువు ఇయ్యమని తలుపులు మూస్తె కొట్లాడి చదివిన మనిషి. బొంబాయిల ఆడోళ్ల కోసం 1886ల తెరిచిన కామా దవాఖానను ఆమె నడిపిచ్చేది. రుక్మాబాయి డాక్టర్ కావాల్నని కోరుకుంటె, చందాలు పోగుచేసి తొవ్వ చూపిచ్చింది.

1889ల రుక్మాబాయి ఇంగ్లండ్‌కు ఓడెక్కింది. ఆడోళ్ల కోసం పెట్టిన లండన్ మెడికల్ స్కూల్‌ల చేరింది. 1894ల చదువు పూర్తయ్యింది. మరుసటేడు వాపసొచ్చి సూరత్‌ల ఆడోళ్ల దవాఖాన పెద్ద డాక్టరుగ చేరింది.

అప్పటి ఆడోళ్లకు రోగమొస్తె ఏం జరిగేదో ఆలోచించుండ్రి. మొగ డాక్టర్‌కు ఒళ్లు చూపెట్టరాదు. పర్దా ఇండ్లల్ల నాడి చూసుడే కష్టం. దవాఖానకు పోవాల్నంటె మొగడు ఒప్పుకోవాలె, అత్త ఒప్పుకోవాలె, మామ ఒప్పుకోవాలె. నొప్పులు పడుతున్న మనిషిని మాత్రం ఎవ్వలు అడగరు. ఆడ డాక్టర్ వచ్చిందంటె ఒక మందు సీసా వచ్చినట్టు కాదు. నీకు ఏడ నొస్తున్నది అని ఆ మనిషినే అడిగే మనిషి వచ్చినట్టు. కోర్టుల ఎవ్వలు అడగని ప్రశ్నను రుక్మాబాయి దవాఖానల దినాం అడిగింది. నా లెక్కల ఆమె తన కేసుకు తానే ఇచ్చుకున్న అసలు తీర్పు గది.

సూరత్ తర్వాత రాజ్‌కోట్. 1918ల సర్కారు మహిళా వైద్య సేవల కొలువు ఇస్తమంటె వద్దని రాజ్‌కోట్ ఆడోళ్ల దవాఖానకు పోయింది. రెండు ఊర్లల్ల కలిపి దగ్గర దగ్గర 35 ఏండ్లు పనిచేసింది. అంతకుముందు అమెరికాల డాక్టర్ చదివొచ్చిన ఆనందీబాయి జోషి వైద్యం మొదలువెట్టకముందే 1887ల సచ్చిపోయింది. కలకత్తాల కాదంబిని గంగూలీ వైద్యం చేసింది. ఆ తొలి వరుసల రుక్మాబాయి నిలవడ్డది. కొలువు దిగినంక బొంబాయికొచ్చి, పర్దా ఎందుకు పోవాల్నో 1929ల ఒక పుస్తకం రాసింది. అప్పటికి ఆమెకు 60 దాటినయి.

తెల్లచీర

ఒక ముచ్చట చాన మంది దాటేస్తరు. నేను దాటెయ్యను. 1904ల దాదాజీ సచ్చిపోయిండు. రుక్మాబాయి తెల్లచీర కట్టింది, వితంతువు లెక్క బతికింది. మల్ల పెండ్లి చేసుకోలే.

మాలాంటి ఉద్యమపోళ్లకు ఇది మింగుడు పడది. కాపురమే చెయ్యని మొగనికి ఈ తెల్లచీర ఏంది, అంత కొట్లాడి చివరికి తలొంచిందా అనిపిస్తది. నాకు గూడ మొదలు గట్లనే అనిపిచ్చింది. సంఘం నోరు ముయ్యించుడానికే కట్టిందేమో అని గూడ అనుకున్న. ఆలోచించిన కొద్ది సమజయ్యింది. ఆమె కొట్లాడింది ఫలానా చీర కట్టుడానికో కట్టకపోవుడానికో కాదు. తన మీద వేరేటోళ్ల నిర్ణయం నడవద్దని కొట్లాడింది. మొగని ఇంటికి పోనన్నది ఆమె నిర్ణయం. తెల్లచీర కట్టుడు గూడ ఆమె నిర్ణయమే. ఆడదాని నిర్ణయం మనకు నచ్చినప్పుడే స్వేచ్ఛ అని, నచ్చకపోతె బానిసత్వం అని అంటె, ఆ కౌంటర్ కాడ కూసున్నాయనకు మనకు తేడా ఏమున్నది?

సావలేదు ఆ చట్టం

రుక్మాబాయి 1955 సెప్టెంబర్ 25న 90 ఏండ్ల వయసుల కన్నుమూసింది. దానికి నాలుగు నెలల ముందే, మే 18న, హిందూ వివాహ చట్టం అమలుకొచ్చింది. అందుల విడాకులున్నయి. ఆమె కాలంల లేని తలుపు అది. గని అదే చట్టంల సెక్షన్ 9 గూడ ఉన్నది. కాపురానికి తోలిచ్చే కేసు అది. ఇప్పుడు పెండ్లాం గూడ మొగని మీద వెయ్యొచ్చు. జైలు శిక్ష 1923లనే పోయింది. తీర్పును కాదంటె ఆస్తి జప్తు చెయ్యొచ్చు. రుక్మాబాయి మీద ప్రయోగించిన ఆయుధమే, మొన జర అరగదీసి స్వతంత్ర భారతం దాచిపెట్టుకున్నది.

దాన్ని కొట్టేసింది మన కోర్టే. 1983ల మూసీ ఒడ్డుకున్న హైకోర్టుల, సినిమా నటి సరిత కేసుల జస్టిస్ పి.ఎ. చౌదరి సెక్షన్ 9 రాజ్యాంగానికి విరుద్ధమన్నడు. ఇష్టం లేని కాపురానికి కోర్టు తోలితె ఆడదాని ఒంటి మీద, ఆమె తల్లి కావాల్నా వద్దా అనేదాని మీద ఆమెకు అధికారం పోతదన్నడు. పిన్హే తీర్పు నుంచి ఈ తీర్పు దాక దగ్గర దగ్గర వందేండ్లు. ఏడాదికే, 1984ల, సుప్రీంకోర్టు సరోజ్ రాణి కేసుల సెక్షన్ 9 మంచిదే, సంసారం నిలవెడుతదని చెప్పి మన హైకోర్టు తీర్పును పక్కన పెట్టింది. పుట్టినింట్ల, ఇంగ్లండ్‌ల, ఆ కేసును 1970లనే పూర్తిగ ఎత్తేసిన్రు. ఇక్కడ ఇంకా నడుస్తున్నది. మనోవర్తి అడిగిన ఆడోళ్ల మీద బెదిరింపుకు ఈ కేసు వేసుడు మా పంచాయతులల్ల నేను చూస్తనే ఉన్న. దాన్ని కొట్టెయ్యమని 2019ల మల్ల సుప్రీంకోర్టుల పిటిషన్ పడ్డది.

దవాఖాన దిక్కు చట్టం జర ముందుకే ఉన్నది. 2008ల సమీరా కోహ్లీ కేసుల సుప్రీంకోర్టు సాఫ్‌గ చెప్పింది. తెలివి ఉన్న మేజర్ మనిషి ఒంటి మీద ఆపరేషన్ చెయ్యాల్నంటె ఆ మనిషి సమ్మతే కావాలె, పానం మీదికి వస్తె తప్ప పక్కనున్న తల్లి సంతకం గూడ చెల్లదు. గర్భం తీపిచ్చుకునే చట్టం గూడ అంతే, మేజర్ అయిన ఆడది తానే సంతకం పెడితె చాలు. 2017ల తొమ్మిది మంది జడ్జిలు కూసోని మనిషి ఒంటి మీద మనిషికున్న హక్కు ప్రాథమిక హక్కుల భాగమే అన్నరు. కాయితం మీద అన్ని ఉన్నయి. కౌంటర్ కాడనే లేవు.

రుక్మాబాయి కథల నాకు దొరికిన పాఠం ఒక్కటే. కొనుక్కోవాల్సి వచ్చిన హక్కు హక్కు కాదు. ఆమె కాడ 2000 ఉన్నయి, దోస్తులున్నరు, బయటపడ్డది. బీడీలు చేసే మా చెల్లె కాడ ఏమున్నది? మూడుసార్లు తిరిగే ఓపిక, మూడు దినాల కూలి పోగొట్టుకునే ధైర్యం, ఎంట వచ్చే ఒక అక్క. అవి లేనోళ్లు ఇంటికి మర్లిపోతరు. మర్లిపోయినోళ్లు ఏ రిజిస్టర్‌ల ఎక్కరు.

అందుకే ఈసారి దవాఖాన కౌంటర్ కాడ మొగని సంతకం అడిగితె, ఏ రూల్ ప్రకారం అడుగుతున్నరో కాయితం మీద రాసియ్యమని మీరు గూడ అడుగుండ్రి. ఆశా వర్కర్లు, సంఘాలల్ల పనిచేసే అక్కలు ఈ నిబంధన కాపీ ఒకటి సంచిల పెట్టుకొని తిరుగుండ్రి. ఆ చెల్లె బస్సుల అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇప్పుడు తయారున్నది. నీ సంతకం చెల్లుతది చెల్లె. దాని కోసం ఒకామె జైలుకు పోవడానికి గూడ తయారైంది.